మోటారు ఎంత లోతుకు దింపాలి

నల్లగుట్ల కొత్తూరు
2024 జూలై 2

అక్క కదిరమ్మకు,

నీ భుజం నొప్పి తగ్గిందని, నీ కూతురు గౌతమీ, దాని పాపా క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ నేనూ నీ మరదలు సుంకమ్మా బాగున్నాం. సుంకమ్మ నీకోసం చింతతొక్కు పెట్టింది, హోస్పేట వైపు వచ్చేవాళ్ళు ఎవరైనా దొరికితే పంపుతుంది. మొన్న శివప్ప మామ తన ఫోను నా చేతికిచ్చి నీతో మాట్లాడమన్నాడు. చెవికి పెట్టుకుంటే గాలి తప్ప ఏమీ వినిపించలేదు. బోరు బండి పక్కన పద్నాలుగేళ్ళు నిలబడితే చెవులు మిగులుతాయా. కాబట్టి నువ్వు నన్ను తిట్టాలన్నా ఉత్తరంలోనే తిట్టాలి. తిట్టాల్సిన సంగతి ఒకటి ఉంది, నిదానంగా చదువు.

మన పడవ మోటారు పోయింది. నువ్వు భుజం పట్టుకుని కూలబడిన రోజు నుంచీ అది సరిగ్గా లేదు. కళ్యాణదుర్గం తీసుకుపోయి విప్పిస్తే లోపల పగిలిందని, అతికినా నిలవదని చెప్పారు. అక్కడే ఒక పాత మోటారు ఉంది, ఎక్కడో పార్కులో పిల్లలను తిప్పే పడవది, పార్కు మూతపడితే అమ్మకానికి వచ్చింది. మనది ఎనిమిది హార్సుపవర్, ఇది పదిహేను. మనదాన్ని తుక్కు కింద ఇచ్చేసి దీన్ని తెచ్చాను. నిన్ను అడగలేదు. అడిగితే వద్దంటావని తెలుసు.

నువ్వు నవ్వుతావు గానీ, పదిహేను పెట్టినా పడవ పాతదానికంటే నిదానంగా పోతోంది. ముక్కు పైకి లేస్తుంది, తోక మునుగుతుంది, వెనక నీళ్ళు కుప్పగా లేస్తాయి. మోటారు రొద నాకు తెలియదు గానీ, పిడి పట్టుకుంటే అది కష్టపడుతున్నట్టు చేతికి తెలుస్తోంది. నేను చేయాల్సింది చేశాను. వెనక పలకను నాలుగు వేళ్ళు కోయించి మోటారును బాగా లోతుకు దించాను. బోరులో నీళ్ళు అందకపోతే ఇంకో రెండు పైపులు దింపేవాళ్ళం, ఇదీ అంతే కదా.

చేపలు గుడ్లు పెట్టే కాలమని నిన్నటి నుంచి డ్యాంలో వేట బంద్. సెప్టెంబరు ఒకటిన తెరుస్తారు. ఆ రోజు శివప్ప మామ కట్ట మీద నుంచి ఎర్ర తువ్వాలు దించగానే పడవలన్నీ బయలుదేరాలి, ఎవరు ఏ చోటికి ముందు చేరితే ఏడాదంతా ఆ చోట వాళ్ళదే వల. నీకు చెప్పేదేముంది. పోయినేడు జయరాం పడవ మన వెనక ఒక్క పడవంత దూరంలో ఉండింది. ఈసారి అతనూ కొత్త మోటారు తెచ్చినాడు. డాక్టరు నిన్ను ఆరు నెలలు మోటారు తాడు లాగొద్దన్నాడు కాబట్టి ఈసారి నేనే పిడి పట్టాలి. వేగం ఎట్లా వస్తుందో నీకేమైనా తోస్తే రాయి.

నీ తమ్ముడు,
వెంకటేశులు

*

హోస్పేట
2024 జూలై 8

వెంకటేశుకు అక్క రాయునది,

నీ ఉత్తరం చదివినప్పటి నుంచి ఒళ్ళు మండుతోంది. నా మోటారును తుక్కు కింద ఇవ్వడానికి నీకు చేతులెట్లా వచ్చాయిరా? తొమ్మిదేళ్ళు దాని తాడు లాగి లాగి నా భుజం పోయింది. భుజానికి కట్టు కట్టుకుని నేనిక్కడ పాపకు ఉయ్యాల ఊపుతుంటే, నువ్వక్కడ కళ్యాణదుర్గం పోయి పదిహేను హార్సుపవర్ పెట్టుకున్నావు. నేనెన్నిసార్లు అడిగాను పెద్ద మోటారు కావాలని? అప్పుడు "ఎనిమిది చాలక్కా" అన్నది ఎవరు? నేను కూర్చున్నన్నాళ్ళు చాలింది, నువ్వు కూర్చునే ఏడాదికి చాలలేదు.

దాచుకోవడం నాకు రాదు కాబట్టి రాస్తున్నాను, నాకు కుళ్ళుగా ఉంది. నువ్వు పిడి పట్టుకుని కూర్చున్నట్టు తలచుకుంటేనే అన్నం దిగడం లేదు. బాయి చేను మీద తొమ్మిదేళ్ళుగా తేలే తెల్ల క్యాను మీద ఎవరి పేరుంది? పిడి పట్టి ముందు చేరినవాళ్ళ పేరే చోటికి గుర్తుగా వదిలే క్యాను మీద రాస్తారు, అది మన కొత్తూరు కట్టుబాటు. నాయన చేసిన చేను అది, డ్యాంలో మునిగినా ఆ బాయి దరి రాళ్ళ మధ్యనే బొచ్చె చేపలు నిలుస్తాయి. ఆ చోటు పోతే మన రెండిళ్ళకూ కూలి పనే గతి. అది జయరాం చేతికి పోవడానికి వీల్లేదు. కానీ అక్కడ నా పేరు చెరిపి ఇంకొకరి పేరు రాయడం కూడా నాకు ఇష్టం లేదు. నువ్వైనా సరే.

సాయంత్రాలు ఇక్కడి డ్యాం దగ్గరికి నడిచిపోతున్నాను. కుళ్ళాయప్ప అని మన గుత్తి వైపు మనిషి, పడవ మోటార్లు బాగుచేస్తాడు. మన మాట మాట్లాడేవాడు దొరికాడని అక్కడే కూర్చుంటాను. నీ సంగతి అడిగాను. నువ్వు చేసిందే సరైన పని అన్నాడు. ఇంకో రెండు వేళ్ళు దింపు. పెట్రోలు ట్యాంకు వెనకే, నీ కాళ్ళ దగ్గరే ఉంచుకో.

చింతతొక్కు పంపమను. వెల్లుల్లి ఎక్కువ వేసి ఉంటే పంపొద్దను.

కదిరమ్మ

*

నల్లగుట్ల కొత్తూరు
2024 జూలై 17

అక్కకు నమస్కారం.

నువ్వు రాసినట్టే ఇంకో రెండు వేళ్ళు కోయించి దింపాను. ట్యాంకు కూడా కాళ్ళ దగ్గరే పెట్టాను. కుళ్ళుకుంటూనే నాకోసం నాలుగు మాటలు అడిగి రాశావు, సంతోషం.

ఆదివారం వల లేకుండా ఊరికే ఒక చుట్టు తిప్పి చూద్దామని పోయాం. సుంకమ్మ ముందు కూర్చుంది. మధ్యకు పోయి పిడి తిప్పగానే ముక్కు మేకపోతు లేచినట్టు పైకి లేచింది, వెనక నుంచి నీళ్ళు పలక మీదుగా లోపలికి వచ్చేశాయి. మోకాళ్ళ దాకా నీళ్ళు. సుంకమ్మ సంగటి తెచ్చిన సత్తుగిన్నెతో తోడింది, నేను చెప్పుతో తోడాను. ఒడ్డు తగలగానే సుంకమ్మ గిన్నె పారేసి కిందికి దూకింది. కట్ట మీద జయరాం వాళ్ళు చూసి నవ్వారు. వాళ్ళు నవ్వడం నాకు వినిపించదు, అదొక మేలు.

తప్పు మోటారుది కాదు, నాదేనేమో. నీ చేతిలో ఉన్నప్పుడు పడవ ఇట్లా చేయలేదు. ఊళ్ళో అందరూ ఆ మాటే అంటున్నారని సుంకమ్మ బలపంతో రాతపలక మీద రాసి చూపించింది. శివప్ప మామ వచ్చి ఈ ఏడు క్యాను మీద ఏ పేరు రాయాలని అడిగాడు. ఆ రోజు వచ్చినప్పుడు చూద్దాంలే మామా అన్నాను.

కుళ్ళాయప్పను ఇంకొకసారి అడుగు. రోజులు తక్కువ ఉన్నాయి.

వెంకటేశులు

*

హోస్పేట
2024 జూలై 25

వెంకటేశుకు,

నీళ్ళు లోపలికి వచ్చాయని చదివి నాకు భయం వేసింది. సుంకమ్మను ఇక పడవ ఎక్కించొద్దు. నా చేతిలో ఉన్నప్పుడు పడవ ఇట్లా చేయలేదని ఊళ్ళో అంటున్నారని రాశావు చూడు, ఆ ఒక్క ముక్కను నాలుగుసార్లు చదువుకున్నాను. చదువుకుని పాపకు కూడా చెప్పాను. మూడు నెలల పిల్లకు ఏం తెలుస్తుంది, నవ్వింది.

కానీ ఇంకో మాట విన్నాను. జయరాం పెండ్లాం మల్లీశ్వరి గౌతమి ఫోనుకు చేసింది. క్షేమ సమాచారాలు అడిగినట్టే అడిగి, "మీ మేనమామ కొత్త క్యాను కొని తెల్ల రంగు పూసి ఎండలో పెట్టినాడు, మీ అమ్మకు చెప్పలేదా?" అంది. గౌతమి ఫోను స్పీకరులో పెట్టింది కాబట్టి నా చెవులతో నేనే విన్నాను. శివప్ప మామ అడిగితే అప్పుడు చూద్దాంలే అన్నావు. ఇక్కడ నాకు మోటారు గురించి రాస్తావు, అక్కడ నా పేరు చెరపడానికి రంగు ఆరబెడతావు. పాతదానికి ఏమైంది? దాని మీద కదిరమ్మ అని ఉంది, అదే దానికొచ్చిన రోగమా?

నాకు తమ్ముడివి కాబట్టి ఒక మాట రాస్తున్నాను. ఆ మోటారు నీకు అచ్చిరాదు. ఎక్కడ తెచ్చావో అక్కడే ఇచ్చేసి, మన పాతదాన్ని వెతికి తెచ్చుకో. కుళ్ళాయప్ప ఊళ్ళో లేడు.

తొక్కు అందింది. వెల్లుల్లి ఎక్కువైంది.

కదిరమ్మ

*

నల్లగుట్ల కొత్తూరు
2024 ఆగస్టు 3

అక్కకు,

పాత క్యాను ఎండకు పగిలింది. నీ పేరున్న చోటే పగిలింది, నేను పగలగొట్టలేదు. కొత్తదానికి తెల్ల రంగు వేశాను, పేరు ఏదీ రాయలేదు. మల్లీశ్వరి మాట నమ్మి నాకు అట్లా రాశావు. నన్ను చిన్నప్పుడు చంకనెత్తుకుని తిప్పినదానివి, ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేవాడిని.

పాత మోటారు దొరకదు. వాళ్ళు దాన్ని ముక్కలు చేసి అమ్మేశారు.

సుంకమ్మ పడవ ఎక్కనంటోంది. నువ్వు రాసినందుకు కాదు, నిజంగానే భయపడింది. వల విసరడానికి మనిషి లేకుండా నేనొక్కడినే ఏం చేయాలి? అందుకే ఒకటో తారీఖు నేను పడవను తీయడం లేదు. బాయి చేను జయరాం తీసుకుంటే తీసుకోనీ. ఒకరి కింద కూలికి పోవడం నాకు కొత్త కాదు. బోరు బండ్లు ఇప్పుడూ తిరుగుతున్నాయి, చెవులు ఎటూ పోయాయి కాబట్టి కొత్తగా పోయేదేమీ లేదు.

నువ్వు భుజం చూసుకో.

వెంకటేశులు

*

హోస్పేట
2024 ఆగస్టు 9

ఒరే వెంకటేశా,

ఈ ఉత్తరం నువ్వొక్కడివే చదువు, సుంకమ్మకు చూపించొద్దు. చూపిస్తే ఆమె ముందు నేను తలెత్తుకోలేను.

నేను నీకు అబద్ధం రాశాను. నువ్వు చేసింది సరైన పని అని కుళ్ళాయప్ప అనలేదు. నేను చెప్పింది విని తలకాయ పట్టుకుని, "ఎవరమ్మా అట్లా దింపినోడు, బోరు అనుకున్నాడా?" అన్నాడు. ఎట్లా బిగించాలో ఆ రోజే అంతా విడమరిచి చెప్పాడు. ఇంటికి వచ్చి నీకు రాయడానికి కూర్చున్నాను. పదిహేను హార్సుపవర్ మోటారు మీద నువ్వు, పడవ ఎగిరిపోతుంటే కట్ట మీద జనం నిన్ను చూస్తూ నిలబడినట్టు కళ్ళకు కట్టింది. చేతికి ఏం వచ్చిందో అది రాశాను. ఇంకా దింపు అని. రాసి నేనే తీసుకుపోయి డబ్బాలో వేశాను. మీరు మునగాలని కోరలేదురా, నిదానంగా పోవాలని మాత్రమే కోరాను. మీ ఇద్దరికీ మోకాళ్ళ దాకా నీళ్ళు వచ్చాయని చదివాక కూడా నోరు విప్పలేదు. పైగా క్యాను సాకు పెట్టుకుని నిన్నే తిట్టాను. మళ్ళీ బోరు బండికి పోతానన్నావు చూడు, అది చదివాకే ఈ కాగితం ముందేసుకుని కూర్చున్నాను.

ఇప్పుడు రాసేది నిజం. మోటారును పైకి ఎత్తు. నీళ్ళలో తిరిగే ఫ్యానుకు పైన బల్లపరుపుగా ఒక రేకు ఉంటుంది. ఆ రేకు పడవ అడుగుతో సమానంగా రావాలి, అంతకంటే కిందికి దిగితే అది నీళ్ళను ఊరికే ఈడుస్తుంది. కోసిన చోట వేప చెక్క బిగించి ఆరు వేళ్ళు లేపు. మోటారు వాలును మార్చే పిన్ను ఉంటుంది, దాన్ని ఒక రంధ్రం లోపలికి జరుపు, ముక్కు దిగుతుంది. ట్యాంకును ముందుకు పెట్టి దాని పైపును పొడుగు చేయించు. పార్కు పడవ ఖాళీగా తిరిగేది కాబట్టి దాని ఫ్యాను రెక్కలకు వంపు ఎక్కువ, వల బరువుతో పోయే మనకు అది పనికిరాదు. వంపు తక్కువ ఫ్యానును కుళ్ళాయప్ప దగ్గర తీసుకున్నాను. కళ్యాణదుర్గం బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను, బస్టాండులో అడిగి తీసుకో. సుంకమ్మ కాళ్ళు పట్టుకుని అయినా ఎక్కించు.

జయరాంను గెలువు. గెలిచి, క్యాను మీద నా పేరు రాయించు. తప్పు చేసినదాన్ని, అడిగే మొహం లేదు నాకు. అయినా అడుగుతున్నాను. తొమ్మిదేళ్ళు నీళ్ళ మీద ఉన్న పేరు పదో ఏడు లేకపోతే నేను ఊళ్ళోకి ఎట్లా రావాలి?

అక్క

*

నల్లగుట్ల కొత్తూరు
2024 సెప్టెంబరు 2

అక్కకు నమస్కారం.

బాయి చేను మనదే. నిన్న ఉదయం జరిగింది మొదటి నుంచీ రాస్తాను.

పదకొండు పడవలు నిలబడ్డాయి. తువ్వాలు దించుతూ శివప్ప మామ ఈల కూడా వేస్తాడట, నాకు తెలియదు, నేను తువ్వాలునే చూస్తున్నాను. అందరూ ఈల కోసం చెవులు పెట్టుకుని ఉంటే నేను తువ్వాలు కదలగానే పిడి తిప్పాను. మొదట ముక్కు కొంచెం లేచింది. నేను బతిమాలితే ఎక్కిన సుంకమ్మ ట్యాంకు మీద కూర్చుని ముందుకు వంగింది. అప్పుడు ఒక్కసారిగా ముక్కు దిగింది అక్కా. పడవ నీళ్ళను తోసుకుంటూ పోవడం మానేసి నీళ్ళ పైకి ఎక్కింది. కాళ్ళ కింద పలక సన్నగా అదరడం మొదలుపెట్టింది. అంతవరకూ బరువుగా ఉన్న పిడి చేతిలో తేలికైపోయింది, రెండు వేళ్ళతో పట్టుకోవచ్చు. నీళ్ళు రెండు వైపులా పలచగా విడిపోతున్నాయి. వెనక్కి చూస్తే జయరాం పడవ ఎక్కడో ఉంది. బోరు బండి మానేసిన తర్వాత నాకు ఏదైనా వినిపించినట్టు అనిపించింది ఆ ఒక్క నిమిషమే. చెవులతో కాదు, అరికాళ్ళతో. మునిగిన ఊరి గుడి గోపురం దగ్గర మలుపు తిప్పి, బాయి మీద క్యాను వదిలాక జయరాం వచ్చాడు. వచ్చి దండం పెట్టి, ఇంకో చోటు పట్టుకోవడానికి చింతలదొడ్డి వైపు పోయాడు.

ఇప్పుడు నీకు కోపం వచ్చే సంగతి. క్యాను మీద నా పేరు రాయించాను.

నువ్వు అబద్ధం రాశావని నాకు నీ ఉత్తరం రాకముందే తెలుసు. జూలై ఆఖరులో జయరాం తన పడవను ఒడ్డు మీద బోర్లించి రంగు వేస్తుంటే చూశాను. వెనక పలక ఎంత ఎత్తు ఉంది, మోటారు ఎక్కడ ఆనుతుంది, అంతా తెలిసిపోయింది. గుత్తి వైపు మనిషికి ఆ మాత్రం తెలియదా అనుకున్నాను. పడవను తీయనని నీకు రాసిన మర్నాడే చెక్క బిగించి మోటారును ఎత్తాను. తీయనని ఎందుకు రాశానంటే, నిజం నువ్వే చెబుతావా లేదా చూద్దామని. నేనూ మంచివాడినేమీ కాదు. నువ్వు చెప్పావు. ఫ్యాను కూడా పంపావు. అది బిగించిన తర్వాతే పడవ నీళ్ళ పైకి ఎక్కింది, అందులో అబద్ధం చెప్పను.

తొమ్మిదేళ్ళు నువ్వు పిడి పట్టుకున్నావు, ముందర నిలబడి వల విసిరింది నేను. వల విసిరినవాడి పేరు ఏ క్యాను మీదా రాయరు. సంతలో చేపలు దించితే "కదిరమ్మ చేపలు వచ్చినాయి" అనేవారు, వినిపించకపోయినా నోళ్ళు కదలడం చూసి నాకు తెలిసేది. నీకు ఈ ఏడు వచ్చిన కుళ్ళు నాకు తొమ్మిదేళ్ళుగా ఉంది. నిన్న శివప్ప మామ బ్రష్షు పట్టుకుని, "ఎవరి పేరప్పా?" అని నోరు పెద్దగా తెరిచి అడిగాడు. నీ పేరు చెప్పాలనే పోయాను. నోరు తెరిస్తే నా పేరు వచ్చింది.

చేపల్లో నీ వాటా నీకుంటుంది. మాట్లాడతావో మానేస్తావో నీ ఇష్టం.

వెంకటేశులు

*

హోస్పేట
2024 సెప్టెంబరు 9

వెంకటేశుకు,

నీ ఉత్తరం చదివి చింపేశాను. గౌతమి ముక్కలు ఏరి అన్నం మెతుకులతో అతికించింది. నిన్ను తిడుతూ రెండు ఉత్తరాలు రాసి, వాటినీ చింపాను.

నీ మీద కోపం పోలేదు. నోరు తెరిస్తే నా పేరు వచ్చిందని ఎంత తెలివిగా రాశావురా. తొమ్మిదేళ్ళు కుళ్ళు కడుపులో పెట్టుకుని నా పడవలో నాకెదురుగా కూర్చున్నావు, ఒక్క రోజు కూడా ముఖంలో కనపడనీయలేదు. నేను నా అబద్ధాన్ని నెల రోజులకు మించి దాచలేకపోయాను. అందులోనూ నువ్వే గెలిచావు. సంతలో మనుషులు నా పేరు చెబుతుంటే నేను మురిసిపోతూ నిలబడేదాన్ని, నువ్వు గంప దించుతూ ఉండేవాడివి. నీవైపు చూడాలని నాకు ఎప్పుడూ తోచలేదు. అది నిజమే, దాన్ని కాదనను.

కానీ అతికించిన ఉత్తరంలో నేను మళ్ళీ మళ్ళీ చదివింది పేరు దగ్గర కాదు. ముక్కు దిగి పడవ నీళ్ళ పైకి ఎక్కిందని రాశావే, అక్కడ. పిడి తేలికైపోయిందని రాశావే, అక్కడ. తొమ్మిదేళ్ళు గెలిచాను గానీ, ఆ ఎనిమిది హార్సుపవర్‌తో నీళ్ళను తోసుకుంటూనే గెలిచాను. పడవ అట్లా పోతుందని నాకు తెలియనే తెలియదు. పేరు పోయినందుకు కోపం వచ్చింది. ఇది చదివితే ఏడుపొచ్చింది. నాకంటే ముందు అది నీకు దక్కిందని, ఒరే, నా కడుపు ఎంత మండిందో నీకు ఎట్లా రాయాలో తెలియడం లేదు.

డాక్టరు తాడు లాగొద్దన్నాడు గానీ పడవ ఎక్కొద్దనలేదు. వచ్చే నెల ఆరున మధ్యాహ్నం బస్సుకు కళ్యాణదుర్గంలో దిగుతాను. ఇంటికి తీసుకుపోవద్దు. ఎండకు కట్ట మీద ఎవరూ ఉండరు, నేరుగా పడవ దగ్గరికే పద. సుంకమ్మ కూర్చున్న చోట, ట్యాంకు మీద, నన్ను కూర్చోబెట్టు. ఆ నిమిషం నాకు కూడా కావాలి. పేరు సంగతి ఒడ్డుకు వచ్చాక కొట్లాడుకుందాం.

అక్క